అమెరికా వీసా ఇంటర్వ్యూకి హైదరాబాద్ వస్తున్నారా? రూమ్ బుక్ చేసే ముందు ఇవి చూడండి

బేగంపేటలో రూమ్ తీసుకోకండి. ఇంటర్వ్యూ జరిగే అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలోనే అక్కడి పైగా ప్యాలెస్ నుంచి ఐటీ కారిడార్‌లోని నానక్‌రామ్‌గూడకు మారింది. ఇంటర్నెట్‌లో పాత అడ్రస్ ఇంకా కనిపిస్తుంది. దాన్ని నమ్ముకుంటే పొద్దున్నే ఐటీ కారిడార్ ట్రాఫిక్‌లో చిక్కుకుంటారు. స్లాట్ పోతే మళ్లీ డేట్ దొరకడం ఎంత కష్టమో తెలిసిందే.

వేలిముద్రలు, ఫొటో ఇచ్చేది వేరే చోట, హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో. రెండు పనులూ ఉంటే గచ్చిబౌలి, కొండాపూర్ అనువుగా ఉంటాయి.

కాన్సులేట్ వైపు మెట్రో రాయదుర్గం దాకానే. అమీర్‌పేటలో రూమ్ చవకగా దొరకొచ్చు, కానీ రాయదుర్గంలో దిగాక మళ్లీ ఆటో ఎక్కాల్సిందే.

మీ రైలు ఏ స్టేషన్‌కు వస్తుందో టికెట్‌లో చూసుకోండి. లింగంపల్లి అయితే దగ్గర. చర్లపల్లి ఊరికి అటు చివర, అక్కడ దిగితే ముందురోజే చేరుకోవడం మంచిది.

ఫోన్ కాన్సులేట్ లోపలికి తీసుకెళ్లనివ్వరు. రూమ్ దగ్గర్లో ఉంటే అక్కడే వదిలి వెళ్లొచ్చు. తిరిగి రావడానికి క్యాబ్ బుక్ చేయలేరు కాబట్టి ఆటోకి చిల్లర, హోటల్ అడ్రస్ రాసిన కాగితం జేబులో ఉంచుకోండి. పెద్దవాళ్లను ఒంటరిగా పంపుతుంటే ఇది అస్సలు మర్చిపోవద్దు.