చెన్నై నుంచి రొయ్య ఎగుమతి: ధర చెప్పే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

నెల్లూరు చెరువుల సరుకును చెన్నై రేవు మీదుగా పంపుదామనుకునే మనవాళ్లు మొదట తడబడేది కౌంట్ దగ్గరే. చెరువు గట్టు మీద 40 కౌంట్ అంటే తలతో సహా కిలోకు 40 రొయ్యలు. అమెరికా వాళ్లు అడిగే 26/30 మాత్రం పౌనుకు 26 నుంచి 30 రొయ్యలని, అదీ తల తీశాక. 40 కౌంట్‌లో ఒక్కో రొయ్య 25 గ్రాములు. మన చెరువుల్లో పెంచే వనామీ రకానికి తల తీస్తే మిగిలేది సుమారు 65 శాతం, అంటే 16 గ్రాములు. పౌను 454 గ్రాములు కాబట్టి 28 రొయ్యలు తూగుతాయి, 26/30లో పడుతుంది. అదే 45 కౌంట్ కొన్నారో, 31/40లోకి జారి ధర ఒక మెట్టు దిగుతుంది.

ఖరీదూ అలాగే. గట్టు మీద కిలో 325 రూపాయలకు కొంటే తల తీసిన కిలో 500 పడినట్టు. వలుపుడు కూలి, ఐసు, ఫ్రీజింగ్, ఓడ కిరాయి ఆ పైన.

పట్టిన వెంటనే రొయ్యకు సరిసమానంగా ఐసు వేయాలి. ఆలస్యమైతే తల వదులై నల్లమచ్చ వస్తుంది. దాన్ని ఆపడానికి వేసే మెటాబైసల్ఫైట్ మందు ఎక్కువైతే అదీ పరీక్షలో బయటపడుతుంది.

యాంటీబయాటిక్ పరీక్ష వల వేయకముందే చేయించాలి. ఐరోపా సమాఖ్యకు వెళ్లే సరుకుకు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వారి ఎలీసా పరీక్షల ల్యాబ్ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. మన పెంపకపు రొయ్యల్లో పరీక్షకు తీసే కన్సైన్‌మెంట్లను 2016లో ఐరోపా వాళ్లు 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్‌ల జాడ కనిపిస్తే సరుకు ఆగిపోయినట్టే.

చెన్నై చేపల రేవు కాశిమేడులో దొరికే సముద్రపు రొయ్యను అమెరికా లెక్కలో వేసుకోకండి. ట్రాల్ వలల్లో తాబేళ్లు బయటపడే పరికరం లేదని 2019లో అమెరికా దాని దిగుమతి ఆపేసింది.

ఇక పోటీ. ఈక్వడార్‌కు పిల్లల్ని పుట్టించే సొంత తల్లిరొయ్యలున్నాయి, చెరువుల్లో పిల్లల్ని పలచగా వేస్తారు. మన తల్లిరొయ్యలు విదేశాల నుంచి దిగి చెన్నైలోని నీలాంకరై క్వారంటైన్ దాటాలి. 2025 ఆగస్టు 27న మన సరుకు మీద అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరింది, ఈక్వడార్‌కు అప్పుడు 15. మరీ చవకగా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం వేరే. తలతో ఉన్న రొయ్యలో వాళ్లతో ధరకు ధర పోటీ పడటం దండగ. మన బలం వలిచే చేతుల్లో ఉంది, తోక ఉంచి వలిచిన సరుకే చూపించండి.

సరుకు నీళ్ల మీద ఉండగా సుంకం మారితే ఎవరు భరిస్తారో కాంట్రాక్టులో రాయించండి. ‘డెలివర్డ్ డ్యూటీ పెయిడ్’ (సుంకం కట్టి చేర్చే పూచీ అమ్మినవాడిదే) అని సంతకం పెట్టి ఉంటే ఆ భారం మీ నెత్తినే.