ప్రతినాయకుడి మాటలు చదవడం ఎలా

నాతో కూర్చుని జర్మన్ నాటకాలు చదివేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: దుర్మార్గుడు తన గురించి చెప్పుకున్నదాన్ని పక్కన పెట్టండి. ఎదుటివాళ్ల మాటల్లో అతను దేన్ని అందుకున్నాడు, దేన్ని దాటేశాడు అన్నది గమనించండి.

1772లో మొదటిసారి ఆడిన లెస్సింగ్ ‘ఎమీలియా గాలోట్టి’తో మొదలుపెట్టండి. మూడో అంకంలో తల్లి క్లౌదియా కూతుర్ని వెతుక్కుంటూ ఆ రాజ్యాన్ని ఏలే రాకుమారుడి విలాసభవనానికి వస్తుంది. అక్కడ రాకుమారుడి ఆంతరంగికుడు మరినెల్లి ఎదురవుతాడు. కాబోయే అల్లుడు కౌంట్ అప్పియాని చనిపోతూ పలికిన చివరి మాట ‘మరినెల్లి’ అని అతని ముఖం మీదే అంటుంది. ఇక్కడ పెన్సిల్ తీయండి. మరినెల్లి అందుకున్నది ‘చనిపోతూ’ అన్న ఒక్క ముక్కే. కౌంట్ చనిపోయాడా అని ఆశ్చర్యం నటిస్తాడు. ఆ పేరు ఏ గొంతుతో పలికాడో ఆమె గుర్తుచేస్తే, ఆప్తమిత్రుణ్ణి కాబట్టి తలచుకున్నాడంటాడు. ఆమె మళ్లీ ఆ గొంతు దగ్గరికే వస్తుంది. హత్య వెనక ఉన్నది ఇతనేనని ప్రేక్షకులకు అప్పటికే తెలుసు. కథాపరంగా కొత్త విషయమేదీ లేదు కాబట్టే మనిషి ఇంత స్పష్టంగా కనిపిస్తాడు. ఇలాంటి సంభాషణల దగ్గర తొందరపడకండి.

అదే నాటకం మొదటి అంకం చివర మరణశిక్ష పత్రం వస్తుంది. రాకుమారుడు సంతోషంగా, త్వరగా సంతకం పెడతానంటాడు. అతని ముఖం మీద విమర్శ ఒక్క ముక్క లేదు. ముసలి సలహాదారు రోటా తడబడి, పత్రం తేలేదని బొంకుతాడు. ఆ తడబాటే తీర్పు. నా దృష్టిలో మరినెల్లి కన్నా ప్రమాదకరమైనవాడు ఈ రాకుమారుడే.

తర్వాత షిల్లర్ 1784 నాటి ‘కుట్ర, ప్రేమ’ తీయండి. మూడో అంకంలో కార్యదర్శి వుర్మ్, సంగీతకారుడి కూతురు లూయీజె తండ్రిని చెరలో పెట్టించి, ఆమెతో బలవంతంగా ఉత్తరం రాయించి ప్రమాణం చేయించాలంటాడు. ప్రమాణం వల్ల ఏం లాభమని అతని యజమాని, రాజాస్థానంలో మంత్రి అయిన ప్రెసిడెంట్ అడిగితే, మన దగ్గర ఏమీ లేదు, ఇలాంటి మనుషుల దగ్గర మాత్రం అంతా అదే అంటాడు. వుర్మ్ కూడా సామాన్య కుటుంబం వాడే. అయినా ‘మన’ అనేటప్పుడు దొరల పక్కన నిలబడ్డాడు. నీతి అంటే ఏమిటో అతనికి బాగా తెలుసు, దాన్నే ఉచ్చుగా వాడుతున్నాడు.

ఆ అంకం ఆరో రంగాన్ని ఇద్దరు కలిసి పైకి చదవండి. ఉత్తరం ఎవరికని లూయీజె అడుగుతుంది. మీ నాన్నను చంపే తలారికి అంటాడు వుర్మ్. ఆ జవాబు చదివేటప్పుడు గొంతు పెంచకండి.