గుండె కోసం యాంటీఆక్సిడెంట్ మాత్రలు కొనే ముందు జాగ్రత్తలు

విటమిన్ ఇ, బీటా కెరోటిన్ లాంటి ఈ మాత్రలను నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర కొన్నా, ఫోనులో తెప్పించుకున్నా, డబ్బు కట్టకముందే ఇవి చూసుకోండి.

• డబ్బా మీద ‘గుండె ఆరోగ్యానికి తోడ్పడుతుంది’ అని ఉంటే గుండెపోటును ఆపుతుందని కాదు. రాసినవారికి ఆ తేడా బాగా తెలుసు.

• పరీక్ష ఎలుకల మీద జరిగిందా, మనుషుల మీదా? మనుషులైతే, మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూశారా? విటమిన్ ఇ వాడేవారికి గుండెజబ్బులు తక్కువని ఒకప్పుడు పరిశీలనల్లో కనిపించింది. అయితే అలాంటివారు తిండి, వ్యాయామం విషయంలోనూ శ్రద్ధ గలవారు కావచ్చు. 2000లో వెలువడిన హోప్ పరీక్షలో, ముప్పు ఎక్కువగా ఉన్న 9,000 మందికి పైగా తీసుకుని, కొందరికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. నాలుగేళ్లు దాటినా గుండెకు ఒరిగిందేమీ లేదు.

• పొగ తాగేవారు బీటా కెరోటిన్ మాత్రల జోలికి వెళ్లవద్దు. అవి వాడిన పొగరాయుళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగినట్లు ఫిన్లాండ్‌లో 1994లో తేలింది. బీడీ కూడా పొగే.

• రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతుంటే విటమిన్ ఇ ఎక్కువ మోతాదు రక్తస్రావం ముప్పు పెంచవచ్చు. డాక్టరుకు పేరు చెప్పడం కాదు, డబ్బానే చూపండి. బీపీ, కొలెస్ట్రాల్ మందులు మాని వీటికి మారవద్దు.

• ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నంబరు ఆహార లైసెన్సు మాత్రమే, గుండెకు మేలని ధ్రువపత్రం కాదు.

• నెల ఖర్చు లెక్కవేయండి. ఆ డబ్బుకు మన జిల్లా బత్తాయిలు ఎన్ని వస్తాయో కూడా. షుగరు ఉంటే మాత్రం రసం తీయకుండా, మితంగా.