ల్యాండ్‌స్కేప్ ఫోటోలకు లెన్స్ ఎంచుకోవడం ఎలా?

"కొండలూ లోయలూ తీయాలి, ఏ వైడ్ లెన్స్ కొనమంటారు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అసలు వైడ్ కావాలా అని అడిగేవాళ్లు తక్కువ. ల్యాండ్‌స్కేప్ అంటే వైడ్ (ఎక్కువ వెడల్పు దృశ్యాన్ని పట్టే లెన్స్) అని ఎందుకో అందరికీ ఖాయమైపోయింది.

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి, కిట్ లెన్స్ తీసేసి 10 ఎం.ఎం. వైడ్ తగిలించి ఒక ఫోటో తీయండి. ఫ్రేములో సగానికి పైగా ఉత్త ఆకాశం, కింద కాళ్ల ముందున్న ఎర్ర బండ. చూస్తుంటే కళ్లు తిరిగే ఆ లోయ మాత్రం మధ్యలో ఒక సన్నటి చీలిక. వైడ్‌లో ఎక్కువ పడుతుంది, నిజమే. ఎక్కువ పట్టాలంటే పట్టిన ప్రతిదీ చిన్నదైపోవాలి కదా! అందుకని షాపుకు వెళ్లేముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని కొంత ఉంది.

1. ముందు మీ పాత ఫోటోలు తీసి చూడండి

కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్ మీ దగ్గర ఉండే ఉంటుంది. దాంతో తీసినవాటిలో మీకు నిజంగా నచ్చిన ఓ ముప్పై ఫోటోలు పక్కన పెట్టండి. ప్రతి ఫోటో వివరాల్లో ఫోకల్ లెంగ్త్ (ఎం.ఎం.లలో ఉండే అంకె; చిన్నదైతే వైడ్, పెద్దదైతే దూరాన్ని దగ్గరకు తెస్తుంది) రాసి ఉంటుంది, ఫోన్లోనైనా కంప్యూటర్లోనైనా కనబడుతుంది. ఎక్కువ ఫోటోలు 18 దగ్గరే ఉండి, ఇంకాస్త వెనక్కి జరిగితే బాగుండుననిపించిన సందర్భాలు గుర్తొస్తే మీకు వైడ్ కావాలి. ఎక్కువ 55 దగ్గర ఉండి, ఆ తర్వాత కూడా అంచులు కత్తిరించి దూరపు కొండను దగ్గరకు తెచ్చుకుని ఉంటే మీకు కావాల్సింది టెలి, అంటే దూరాన్ని దగ్గరకు తెచ్చే లెన్స్. రెండూ కాక మధ్యలోనే ఉన్నాయంటే ఇప్పుడు లెన్స్ అక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి ట్రైపాడ్ కొనండి, మీ ఫోటోల్లో తేడా దానితోనే ఎక్కువ కనిపిస్తుంది.

2. మీ కెమెరా సెన్సర్ ఏదో తెలుసుకోండి

సెన్సర్ అంటే కెమెరా లోపల వెలుతురును ఫోటోగా మార్చే చిప్. ఇంటర్నెట్‌లో "16-35 అద్భుతం" అన్న మాట ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా ఉన్నవాళ్లు చెప్పింది. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఏపీఎస్-సీ, అంటే అంతకన్నా చిన్న సెన్సర్ కెమెరాలు. వాటిలో దృశ్యం మధ్యభాగమే పడుతుంది కాబట్టి లెన్స్ మీద ఉన్న అంకెను నికాన్, సోనీ అయితే 1.5తో, కెనాన్ అయితే 1.6తో హెచ్చించుకోవాలి. అదే 16-35ను కెనాన్ ఏపీఎస్-సీ బాడీకి తగిలిస్తే సుమారు 26-56లా పనిచేస్తుంది. అంటే దాదాపు మీ కిట్ లెన్స్ (ఇదే లెక్కలో సుమారు 29-88) ఇప్పటికే ఇస్తున్నదే, ఎన్నో రెట్లు ఖరీదుతో. ఏపీఎస్-సీలో వైడ్ కావాలంటే 10తోనో 11తోనో మొదలయ్యేది చూసుకోండి.

3. మీరు వెళ్లే చోట్లను తలచుకోండి

అసలు నిర్ణయం జరిగేది ఇక్కడే. ప్రతి చోటికీ రెండే ప్రశ్నలు. కాళ్ల దగ్గర తీయదగ్గది ఏముంది? దూరాన ఏముంది?

కాళ్ల దగ్గర ఏదైనా ఉంటేనే వైడ్‌కు పని. గండికోటకే మళ్లీ వెళదాం. అంచు నుంచి నాలుగడుగులు వెనక్కి వచ్చి, బండల మీద వాన నీరు నిలిచిన గుంట ఒకటి వెతకండి. ట్రైపాడ్ కాళ్లు మడిచి, కెమెరాను ఆ గుంటకు మూరెడు దూరంలో, దాదాపు నేలకు ఆనించి పెట్టండి. ఇప్పుడు అదే 10 ఎం.ఎం.లో గుంట ఫ్రేము కింది భాగమంతా నిండుతుంది, అందులో ఆకాశం రంగు కనబడుతుంది, బండ పగుళ్లు గీతల్లా సాగి చూపును లోయవైపు తీసుకెళ్తాయి. ఇందాక పనికిరాదనిపించిన లెన్సే. మారింది కెమెరా పెట్టిన చోటు, ఎత్తు మాత్రమే. అందుకే వైడ్ లెన్స్ కొనేటప్పుడు ఎంత దగ్గరి నుంచి ఫోకస్ అవుతుందో కూడా చూడాలి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 10-18 అయితే 22 సెంటీమీటర్ల నుంచి అందుకుంటుంది. బరువు 240 గ్రాములే. నేలమీద పాకేవాళ్లకు సరిపోతుంది.

పాడేరు దగ్గరి వంజంగి కొండ సంగతి వేరు. చలికాలం తెల్లవారుజామున పైకి ఎక్కితే, కింద లోయ నిండా పాలపొంగులా మబ్బు, అందులోంచి తలలెత్తిన కొండలు ఒకదాని వెనక ఒకటి. కాళ్ల దగ్గర ఏముంటుంది? మీలాగే చీకట్లో ఎక్కివచ్చిన జనం, పైకెత్తిన ఫోన్లు. వైడ్ పెడితే ముందు వాళ్లే పడతారు. 100 నుంచి 200 మధ్య పెట్టి దూరపు వరుసల్లో మూడింటిని మాత్రం పట్టుకోండి, ముదురు నీలం నుంచి పొగరంగు దాకా ఒక్కో వరుస ఒక్కో ఛాయలో వస్తుంది. కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250, నికాన్ ఏఎఫ్-పీ 70-300 లాంటి తేలికపాటి జూమ్‌లు ఈ పనికి చాలు. బడ్జెట్ ఒక్క లెన్స్‌కే ఉందంటే నా ఓటు ఇలాంటి దానికే, వైడ్‌కు కాదు. వైడ్‌లో పట్టాల్సిన దృశ్యాన్ని కిట్ లెన్స్‌తో నాలుగైదు నిలువు ఫోటోలుగా తీసి, ఇంటికొచ్చి పనోరమాగా కలుపుకోవచ్చు. దూరపు కొండను స్పష్టత పోకుండా దగ్గరకు తెచ్చే అలాంటి కిటుకు ఏదీ లేదు.

ఒక జాగ్రత్త ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం టెలి తగిలిస్తే వేడిగాలికి దూరపు బండలన్నీ అలలు అలలుగా కదులుతూ మెత్తగా వస్తాయి. లెన్స్ బాగాలేదని షాపువాడి మీదికి వెళ్లకండి, పొద్దున్నే మళ్లీ తీసి చూడండి.

జలపాతాలు ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి. కుంతాల దగ్గర ముందుకు వెళ్లడానికీ వెనక్కి జరగడానికీ చోటు మీ చేతిలో ఉండదు, బండ ఎక్కడుంటే అక్కడే నిలబడాలి. ప్రైమ్ లెన్స్ (జూమ్ కానిది) ఎంత పదునైనదైనా ఇలాంటి చోట్ల జూమ్ ఉన్నవాడిదే పైచేయి.

4. ఎఫ్2.8కు డబ్బు పోయకండి

ఎఫ్ అంకె లెన్స్ లోపలి రంధ్రం (అపర్చర్) ఎంత తెరుచుకుంటుందో చెబుతుంది; అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, వెలుతురు ఎక్కువ. పెళ్లిళ్లు తీసేవాళ్లకు ఎఫ్2.8 కావాలి. హాల్లో వెలుతురు తక్కువ, మనుషులు కదులుతుంటారు. కొండ కదలదు. ట్రైపాడ్ మీద పెట్టి ఎఫ్8, ఎఫ్11 దగ్గర తీస్తాం, ఆ అపర్చర్ దగ్గర మామూలు లెన్సులు కూడా బాగా పదునుగా ఇస్తాయి. అన్నీ స్పష్టంగా రావాలని ఎఫ్22 దాకా వెళితే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఫోటో మొత్తం కాస్త మెత్తబడుతుంది. ఎఫ్11 దగ్గర 18 ఎం.ఎం.లో, ఏపీఎస్-సీ కెమెరాతో, సుమారు ఒకటిన్నర మీటర్ల దూరానికి ఫోకస్ పెడితే 75 సెంటీమీటర్ల నుంచి ఆకాశం అంచు దాకా స్పష్టంగానే వస్తుంది.

బరువు కూడా చూడండి. కెనాన్ ఈఎఫ్ 70-200లో ఎఫ్2.8 రకం కిలోన్నర దగ్గరుంటుంది, ఎఫ్4 రకం దాదాపు అందులో సగం. చీకట్లో కొండెక్కే దారిలో, నీళ్ల సీసా కూడా మోస్తున్నప్పుడు, ఆ తేడా ఎంతో భుజానికి తెలుస్తుంది.

రాత్రి నక్షత్రాలు తీసేవాళ్లకు మాత్రం ఎఫ్2.8 అవసరమే. ఎక్కువసేపు షటర్ తెరిస్తే చుక్కలు గీతలవుతాయి. 500ను ఫుల్ ఫ్రేమ్ లెక్కలోని ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే సుమారుగా ఎన్ని సెకన్లు తెరవచ్చో వస్తుంది. 20 ఎం.ఎం. అయితే 25 సెకన్లు. అంతలోపే చాలినంత వెలుతురు లోపలికి రావాలి. ఏపీఎస్-సీకి టోకినా 11-16 లాంటివి ఈ పనికే చాలామంది కొంటారు.

5. ముందు అద్దం ఎలా ఉందో చూడండి

జలపాతం దగ్గర తడి బండల మీది మెరుపును తీసేసేది పోలరైజర్ అనే ఫిల్టర్. దాని పనిని ఫోటో తీశాక కంప్యూటర్లో చేయలేం, కాబట్టి లెన్స్‌కు ఫిల్టర్ పట్టాల్సిందే. కొన్ని అతి వైడ్ లెన్సుల ముందు అద్దం గుడ్డులా ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టర్ బిగించే మర ఉండదు. శామ్యాంగ్ 14 ఎం.ఎం. ఎఫ్2.8, నికాన్ పాత 14-24 అలాంటివి. ధర చూసి మురిసిపోయే ముందు ఇది చూసుకోండి. మర సైజు కూడా కలిసొచ్చేలా కొనవచ్చు. కెనాన్ 18-55 ఎస్‌టీఎం, 55-250 ఎస్‌టీఎం రెండిటికీ 58 ఎం.ఎం. ఫిల్టరే, ఒకటి కొంటే రెంటికీ సరిపోతుంది.

మరీ వైడ్‌లో నీలాకాశానికి పోలరైజర్ వాడకండి. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన దాని ప్రభావం ఎక్కువ, మిగతా చోట తక్కువ. వైడ్‌లో ఆకాశం చాలా భాగం పడుతుంది కాబట్టి మధ్యలో ముదురు మచ్చ కట్టినట్టు వస్తుంది.

6. ఒకరోజు అద్దెకు తెచ్చుకోండి

పెళ్లి ఫోటోగ్రాఫర్లకు లెన్సులు అద్దెకిచ్చే షాపులు హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌ల్లో ఉన్నాయి. గుర్తింపు కార్డు, డిపాజిట్ అడుగుతారు. శనివారం తీసుకుని, మీరు తరచూ వెళ్లే చోటికే వెళ్లండి. కొత్త ఊరికి వద్దు, అక్కడ ఏ లెన్సైనా బాగానే కనిపిస్తుంది.

7. సెకండ్‌హ్యాండ్ అయితే టార్చ్ పట్టుకెళ్లండి

పాత లెన్స్ కొనడంలో తప్పేమీ లేదు, బాగా చూసి కొనాలంతే. రెండు మూతలూ తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము కణాలు రెండు మూడు కనిపిస్తే ఫరవాలేదు. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, ఎంత తగ్గించినా తీసుకోవద్దు. కాకినాడ, వైజాగ్ లాంటి తేమ ఊళ్లలో అల్మరాలో మూలపడి ఉన్న లెన్సుల్లో ఇది మామూలే.

తర్వాత మీ బాడీకి తగిలించి ఇటుకల గోడను ఎదురుగా, నిటారుగా నిలబడి ఎఫ్8లో తీయండి. జూమ్ చేసి నాలుగు మూలలూ పోల్చండి. మూడు బాగుండి ఒకటి మసగ్గా ఉంటే లోపలి అద్దం పక్కకు జరిగిందన్నమాట. ఎప్పుడో కింద పడి ఉండొచ్చు, మరొకటి చూసుకోండి.

మౌంట్ (లెన్స్ కెమెరాకు బిగిసే చోటు) సరిపోయినంత మాత్రాన లెన్స్ పనిచేస్తుందనుకోకండి. నికాన్ ఏఎఫ్-పీ లెన్సులు డీ90, డీ3200, డీ5100 లాంటి పాత బాడీల మీద చక్కగా బిగుస్తాయి గానీ ఫోకస్ కావు. అమ్మేవాడికి ఈ సంగతి తెలియకపోవచ్చు. మీ కెమెరా తీసుకెళ్లి, అక్కడే ఫోకస్ అవుతోందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.