ఫాలోవర్లు కాదు, ఖాతా పుట్టుపూర్వోత్తరాలు చూడండి
ఇన్‌స్టాగ్రామ్‌లో లక్షమంది ఫాలోవర్లున్నారు కదా అని ముక్కూమొహం తెలియని వ్యాపారానికి ముందే డబ్బు పంపేయకండి. ఫాలోవర్లు, లైకులు కొంటే దొరుకుతాయి. నీలం టిక్కు కూడా అంతే, 2023 నుంచి ఇన్‌స్టాగ్రామ్ యజమాని మెటా దాన్ని నెలవారీ చందాకు ఇస్తోంది.

ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రొఫైల్ పైనున్న మూడు చుక్కలు నొక్కి 'ఈ ఖాతా గురించి' తెరవండి. ఖాతా ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది, చాలా ఖాతాలకు పాత పేర్ల లెక్క కూడా ఉంటుంది. నిన్నటిదాకా జోకులేసిన పేజీ ఇవాళ ఫోన్లు అమ్ముతోందంటే, ఆ లక్షమందీ జోకుల కోసం వచ్చినవాళ్లే!

తర్వాత కామెంట్లు. 'సూపర్' అన్నవాటిని వదిలేయండి. 'నా ఆర్డర్ ఇంకా రాలేదు' అన్నవాళ్లకు జవాబిచ్చారా, లేక కామెంట్లే మూసేశారా? నేనైతే ముందు ఇదే చూస్తాను. చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే నసిగే చోట అసలు కొనను.