ఇన్‌సర్ట్ అద్దం, మూడో పాఠం: తుడిచిన మర్నాడే నల్లబడితే

ఈ వారం ఇన్‌సర్ట్ (ఫైర్‌ప్లేస్‌లో అమర్చే, అద్దం తలుపున్న కట్టెల పొయ్యి) గాస్కెట్ గురించి, అంటే తలుపు అంచున గాలి దూరకుండా ఉండే తాడులాంటి పట్టీ గురించి, చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే మాట: "బూడిదతో తుడిస్తే మెరిసింది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ నలుపు." అందుకని గాస్కెట్ వచ్చేసారి.

ముందుగా, తుడిస్తే అద్దం మీద గీతలు పడ్డవాళ్ళకి. తడి న్యూస్‌పేపర్‌కి అద్దాల్సింది పౌడర్‌లాంటి బూడిద మాత్రమే. వేళ్ళ మధ్య నలిపినప్పుడు గరుకు తగిలితే పారేయండి. బ్లేడు, స్టీల్ పీచు వద్దే వద్దు. అద్దం పూర్తిగా చల్లారాకే తుడవండి.

ఇక నలుపు. అద్దం పైనున్న సన్నని సందులోంచి వేడిగాలి తెరలా కిందికి జారి, పొగను అద్దానికి తగలనివ్వదు. మంట వేడిగా ఉండి, పొయ్యిలోకి గాలి వదిలే లీవర్ కొంతైనా తెరిచి ఉంటేనే ఆ తెర నిలుస్తుంది. లేకపోతే పొగ అద్దం మీద తారుగా పేరుకుంటుంది. అదే తారు చిమ్నీ లోపలా పేరుకుని, ఒకరోజు అంటుకోవచ్చు. కాబట్టి నల్లటి అద్దాన్ని చూడ్డానికి బాగాలేదని మాత్రమే అనుకోకండి.

పచ్చి కట్టె పొగ చిమ్ముతుందని మనకెవరూ చెప్పక్కర్లేదు. చిక్కంతా "ఎండినవే" అని అమ్మిన కట్టెతోనే. "తేమ మీటర్ 15 శాతం చూపిస్తోంది, మా కట్టెలు బాగానే ఉన్నాయి" అంటారు. మీటర్ ఎక్కడ గుచ్చారు? బెరడు మీదో, కోసిన చివరనో. అక్కడ ఏ కట్టైనా ముందే ఆరుతుంది. చివర పగుళ్ళు కనిపించినా లోపల ఆరినట్టు కాదు. కట్టెను చీల్చండి. అప్పుడే బయటపడ్డ లోపలి ముఖం మీద, మధ్యలో, నార వెంబడి మీటర్ ముళ్ళు రెండూ గట్టిగా గుచ్చండి. బయట 15 చూపించిన ఓక్ లోపల 28 చూపించడం మామూలే. 20 లోపు ఉంటేనే పొయ్యిలోకి. ఇంకో సంగతి: మిచిగన్ చలిలో గడ్డకట్టిన కట్టె మీద మీటర్ తక్కువ చూపిస్తుంది. ఒక రోజంతా ఇంట్లో ఉంచి అప్పుడు చూడండి. చీల్చిన ఓక్ ఆరడానికి రెండేళ్ళు పట్టొచ్చు, అమ్మినవాడు ఏం చెప్పినా సరే.

రెండో కారణం, పొద్దుటిదాకా నిప్పు ఉండాలని పడుకునే ముందు లీవర్ పూర్తిగా మూసేయడం. నేనైతే రాత్రి నిప్పు నిలపను. చిన్న ఎండు కట్టెలు రెండు మూడు వేసి, కణకణ మండనిచ్చి, దానంతట దాన్ని ఆరిపోనిస్తాను. పొద్దున్న రాజేసేటప్పుడు లావు కట్టెలు కింద, చిదుగులు పైన పెట్టి పైనుంచే అంటిస్తాను. మొదటి పొగ బాగా తగ్గుతుంది.

అభ్యాసం: మీ కట్టెల దొంతర్లో వేర్వేరు చోట్ల నుంచి పది కట్టెలు తీయండి. ఒక రోజు ఇంట్లో ఉంచి, ఒక్కొక్కటీ చీల్చి, లోపలి అంకె సుద్దతో దాని మీదే రాయండి. 20 దాటినవన్నీ వచ్చే చలికాలానికి. మిగిలినవాటితో మూడు సాయంత్రాలు పొయ్యి వెలిగించండి, మధ్యలో అద్దం ముట్టుకోకండి. సన్నని బూడిదరంగు పొర వస్తే పర్వాలేదు, తర్వాత తడిగుడ్డతో పోతుంది. ఒక్క మూల మాత్రమే నల్లబడితే ఆ మూల తుడవకుండా ఫొటో తీసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో గాస్కెట్ వెతకాల్సింది అక్కడే.