రోహిణీ కార్తెలో పరుగు: ఆగస్టు హాఫ్ మారథాన్‌కి సాధన చేసేవాళ్లకు జాగ్రత్తలు

హైదరాబాద్ మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో జరుగుతుంది. అందులో హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలనుకునేవాళ్లు పదహారు వారాలు వెనక్కి లెక్కపెడితే సాధన మే మొదట్లో మొదలవ్వాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు చిక్కంతా ఇక్కడే. నెట్‌లో దొరికే శిక్షణ పట్టికలు చాలావరకు చల్లటి దేశాల వాళ్లు రాసుకున్నవి. మనకి మొదటి ఆరు వారాలూ కృత్తిక, రోహిణి కార్తెల మీదుగా నడుస్తాయి. ఈ ఆరు వారాల్లో వేగం పెరగదు, పెంచాలని చూడకూడదు కూడా. ఒంటిని వేడికి అలవాటు చేసుకుంటూ, గుండెకీ కిడ్నీలకీ దెబ్బ తగలకుండా మృగశిర దాకా చేరితే చాలు. ఆ తర్వాత దూరం పెంచుకోవడానికి పది వారాలుంటాయి.

ముందు ఉక్క సంగతి. రోళ్లు పగిలే ఎండని అందరూ మధ్యాహ్నం గురించే అనుకుంటారు గానీ, పరిగెత్తేవాళ్లని దెబ్బతీసేది తెల్లవారుజాము ఉక్క. చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. సముద్రం దగ్గర గాలిలో తేమ బాగా ఎక్కువ కాబట్టి 28 డిగ్రీల్లో కూడా చెమట సరిగ్గా ఆరదు. మోచేతుల నుంచి బొట్లు బొట్లుగా కారి, సాక్సుల్లోకి దిగి, నాలుగో కిలోమీటరుకి బూట్లు చప్ చప్ మంటాయి. అలా కారిపోయిన నీళ్లన్నీ వృథా అయినట్టే, ఒంట్లో వేడి మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని బయటికి పంపడానికి గుండె చర్మానికి ఎక్కువ రక్తం తోడాలి, కాళ్లకీ తోడాలి. పైగా చెమట పోయేకొద్దీ రక్తంలో నీరు తగ్గుతుంది. అందుకే పేస్, అంటే కిలోమీటరుకి పట్టే సమయం, మారకపోయినా అరగంట తర్వాత గుండె నిమిషానికి పది, పదిహేనుసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీలో అది చూసి ఫిట్‌నెస్ పడిపోయిందని కంగారు పడొద్దు, పంతానికి పోయి అదే పేస్ పట్టుకుని వేలాడొద్దు. డిసెంబరులో కిలోమీటరు 6 నిమిషాల 30 సెకన్లకి హాయిగా పరిగెత్తినవాళ్లు మేలో 7 నిమిషాలకి, ఒక్కోరోజు 7.30కి దిగినా అది సరైన పరుగే.

మన జిల్లాల్లో పరుగు అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది ఆర్మీ ర్యాలీలో, కానిస్టేబుల్ ఎంపికల్లో పెట్టే 1600 మీటర్లు. కొద్ది నిమిషాల్లో ఉన్న దమ్మంతా తీసేసే పరుగు అది. ఆ అలవాటుతో రోజూ దమ్ము అయిపోయేదాకా తీసేవాళ్లే మే నెలలో ముందుగా పడిపోతారు. ఈ ఆరు వారాలకి కొలత ఒక్కటే: పక్కన పరిగెత్తేవాళ్లతో "రేపు అమ్మ ఊరెళ్తోంది, ఎనిమిదింటి బస్సుకి దింపాలి" అనేంత మాట మధ్యలో ఆయాసపడకుండా అనగలగాలి. అనలేకపోతే నడవండి. ఒంటరిగా వెళ్లినా ఆ మాట పైకి అనుకుని చూసుకోవచ్చు.

వేడికి ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మొదటి వారంలో రక్తంలో ద్రవం పెరుగుతుంది. తర్వాత చెమట త్వరగా మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. కాబట్టి మొదటి నాలుగు రోజులు 20, 25 నిమిషాలకి మించొద్దు. ఆ తర్వాత రెండు రోజులకోసారి ఐదేసి నిమిషాలు కలుపుకోవచ్చు. ఈ అలవాటు నిలిచి ఉండేది కాదు. వారం రోజులు మానేస్తే తగ్గడం మొదలవుతుంది, మూడు వారాలకి దాదాపు అంతా పోతుంది. ఏసీ ఆఫీసుల నుంచి సెలవులకి ఊరొచ్చి, వచ్చిన మర్నాడే పది కిలోమీటర్లు తీసేవాళ్లకి ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. మీరు అక్కడ ఎంత బాగా పరిగెత్తినా ఇక్కడ మళ్లీ ఇరవై నిమిషాల నుంచే మొదలు.

మే చివర్లో మనకి సూర్యోదయం సుమారు 5.20కే. హైదరాబాద్‌లో కంటే ఇరవై నిమిషాల ముందే తెల్లారుతుంది. కాబట్టి 4.30కి అడుగు పడాలి, 5.45కి అయిపోవాలి. సాయంత్రం సముద్రపు గాలి వీస్తుంది కదా అని ఆరింటికి బయల్దేరతారు గానీ, పగలంతా కాలిన తారురోడ్డు అప్పటికీ పొయ్యిలా సెగ చిమ్ముతుంటుంది. తప్పనిసరైతే సాయంత్రం మట్టి నేల మీద, చెరువు పక్కన, అరగంటకి మించకుండా. రాత్రి కరెంటు పోయి, ఉక్కకి నిద్రపట్టక, ఐదు గంటలు కూడా పడుకోకపోతే ఆ ఉదయం లాంగ్ రన్ మానేయండి. నిద్రలేని ఒళ్లు వేడిని సరిగ్గా తట్టుకోలేదు.

వారానికి సుమారు 20 కిలోమీటర్లు ఇప్పటికే పరిగెత్తేవాళ్లకి వేడికి అలవాటు పడ్డాక మే నెల వారం ఇలా ఉంటే చాలు: మంగళవారం 5, బుధవారం 4, శుక్రవారం 5, ఆదివారం 8. శుక్రవారం చివర్లో 20 సెకన్ల స్ట్రైడ్స్, అంటే కొంచెం వేగంగా తీసే చిన్న పరుగులు, నాలుగు వేసుకోవచ్చు. ఒక్కో దాని మధ్య ఊపిరి పూర్తిగా కుదుటపడేదాకా నడవాలి. సోమ, గురువారాలు విశ్రాంతి. శనివారం పిక్కలకి, తుంటికి బలం వచ్చే వ్యాయామం ఇరవై నిమిషాలు: మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం పదిహేనేసి మూడుసార్లు, గుంజీలు పన్నెండేసి మూడుసార్లు. ఆదివారం దూరాన్ని రోహిణి దాటేదాకా తొమ్మిదికి మించనివ్వొద్దు.

ఇక నీళ్లు. ఎంత తాగాలో ఎవరి లెక్క వాళ్లే తీసుకోవాలి, తూకం యంత్రం ఉంటే చాలు. పరుగుకి ముందు మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా తూచుకోండి. 64.2 కిలోలు ఉన్నారనుకుందాం. గంట పరిగెత్తి, దారిలో 300 మిల్లీలీటర్లు తాగారు. వచ్చాక ఒళ్లు తుడుచుకుని తూస్తే 63.1. తగ్గింది 1.1, తాగింది 0.3, అంటే గంటకి 1.4 లీటర్ల చెమట పోయింది. ఒంటి బరువులో రెండు శాతం మించి తగ్గితే పరుగు కుంటుపడుతుంది. ఈ మనిషికి అది 1.3 లీటర్లు. పోయిందంతా దారిలోనే తాగేయాలని లేదు, కడుపు అంత పట్టదు కూడా. గంటకి 400 నుంచి 800 మిల్లీలీటర్లు, దాహాన్ని బట్టి, పదిహేను నిమిషాలకోసారి నాలుగు గుక్కలు చొప్పున. మిగతాది ఇంటికొచ్చాక రెండు మూడు గంటల్లో మెల్లగా. పరుగయ్యాక బరువు పెరిగి కనిపిస్తే మాత్రం అది ప్రమాదం. ఉప్పు లేని నీళ్లు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బడం, మాట తడబడడం దాని గుర్తులు. అప్పుడు ఇంకా నీళ్లు పట్టించడం చాలా తప్పు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

చెమట లీటరుకి సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది. మామూలు ఉప్పులో చెప్పాలంటే దాదాపు అర టీస్పూను. ఆరిన టోపీ మీద, బనీను మీద తెల్లటి చారలు మందంగా కడుతున్నవాళ్లకి ఇంకా ఎక్కువ పోతున్నట్టు. మన ఇళ్లలో దీనికి మంచి మందులే ఉన్నాయి. ఉప్పేసిన చోడి అంబలి, తరవాణి, పల్చటి మజ్జిగ పరుగయ్యాక ఏ డబ్బా పానీయానికీ తీసిపోవు. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది గానీ సోడియం తక్కువ, చిటికెడు ఉప్పు కలిపి తాగండి. గంట దాటే పరుగుకి ఓఆర్ఎస్ పొట్లం సరిపోతుంది. మందులషాపులో దొరికే ఆ పెద్ద పొట్లాన్ని సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. అర లీటరులో కలిపితే కడుపు తిప్పుతుంది. ఇంట్లో చేసుకుంటే లీటరుకి ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి. అట్టపెట్టెల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలు దీనికి సాటి రావు. ఆ పేరు వాటి మీద ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది కూడా.

బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్లు, షుగరున్నవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పైన చెప్పిన ఉప్పు లెక్కల్ని డాక్టరుని అడక్కుండా పాటించొద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. పరుగుకి ముందు గానీ, పరుగయిన ఆ పూట గానీ నొప్పి మాత్ర వేసుకోకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్, పేరేదైనా సరే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా దాని నాళాలని తెరిచి ఉంచే పదార్థాలు కొన్ని ఉంటాయి, ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర నొప్పిని తగ్గించేది వాటిని ఆపడం వల్లే. మామూలు రోజు అయితే కిడ్నీ తట్టుకుంటుంది. లీటరున్నర చెమట పోయిన రోజు రక్తం చాలక దెబ్బతింటుంది. కిడ్నీ జబ్బు పాతుకుపోయిన ఉద్దానం ప్రాంతం మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఏళ్ల తరబడి ఎన్ని ఇళ్లు డయాలసిస్ చుట్టూ తిరుగుతున్నాయో తెలియనివాళ్లు లేరు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. అందుకే అక్కడి కుటుంబాల వాళ్లు ఏప్రిల్లోనే కిడ్నీల పనితీరు తెలిపే సీరం క్రియాటినిన్ (రక్తంలో), మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించుకుని మొదలుపెట్టాలి. గట్టిగా పరిగెత్తిన మర్నాడు పరీక్షకి వెళ్తే అంకె ఎక్కువ చూపించి అనవసరంగా భయపెడుతుంది, రెండు రోజులు విశ్రాంతి తీసుకుని వెళ్లండి. పరుగు తర్వాత మూత్రం కొంచెం ముదురు పసుపు రంగులో వస్తే నీళ్లు చాలలేదని అర్థం. నల్లటి టీ డికాక్షన్ రంగులో వస్తే కండరం కరిగి రక్తంలో కలిసిందేమో అని అనుమానించాలి. తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. మోకాలో పిక్కో మాత్ర లేకుండా పరిగెత్తలేనంత నొప్పిగా ఉంటే ఆ వారం పరుగే వద్దు.

వడదెబ్బ గుర్తుపట్టడంలో ఒక పొరపాటు బాగా పాతుకుపోయింది. చెమట పట్టకపోతేనే వడదెబ్బ అనుకుంటారు. పరిగెత్తుతూ పడిపోయినవాళ్లకి ఒళ్లంతా చెమటతో తడిసే ఉండొచ్చు. మాట పొంతన లేకపోవడం, అడుగులు తూలడం, ఊరికే కోపం తెచ్చుకోవడం, మీ పేరేంటంటే తడుముకోవడం, వీటిని చూడండి. అప్పటికి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోగా దగ్గర్లో పంపుసెట్టు తొట్టె ఉంటే తల పైకి పట్టుకుని మెడ దాకా నీళ్లలో కూర్చోబెట్టండి. తొట్టె లేకపోతే నీడన పడుకోబెట్టి బక్కెట్లతో ఆపకుండా నీళ్లు పోస్తూ తువ్వాలుతో విసరండి. తువ్వాళ్లు తడిపి తలకి, మెడకి, చంకలకి, గజ్జలకి వేసి నిమిషానికోసారి మార్చండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ దీనికి పనిచెయ్యదు. అరగంటలోపు వేడి దిగితే మనిషి చాలావరకు గట్టెక్కుతాడు. జేబులో పేరు, ఇంటి ఫోన్ నంబరు, వాడే మందులు రాసిన చీటీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి.

చీకట్లో దారి సంగతి. 16వ నంబరు జాతీయ రహదారి మీద పరిగెత్తొద్దు, ఎచ్చెర్ల వైపైనా భోగాపురం వైపైనా. ఆ వేళ లారీ డ్రైవర్లు రాత్రంతా నడిపి కునుకు మీద ఉంటారు. ఊరి రోడ్ల మీద ఎదురుగా వచ్చే బండి కనిపించేలా కుడి పక్కన పరిగెత్తండి, మెరిసే పట్టీ కట్టుకోండి, చెవుల్లో పాటలొద్దు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి ఆ రోజే టీకా వేయించుకోవాలి. పాములు వేసవి రాత్రుళ్లు రోడ్డు మీదికొస్తాయి, టార్చి కాంతి పాదాలకి మూడు అడుగుల ముందు పడాలి. కళింగపట్నంలో ఇసుక మీద పరిగెత్తాలని ఉంటే అలలు తడిపి గట్టిపడ్డ చోట పది నిమిషాలు చాలు. ఏటవాలు ఒడ్డున ఒకవైపే వెళ్తే కిందివైపు కాలికి తుంటి దగ్గర పట్టేస్తుంది.

బట్టల విషయంలో నూలు బనీను కంటే పల్చటి పాలిస్టర్ నయం, చెమట మోయదు. తొడలు, చంకలు ఒరుసుకునే చోట కొబ్బరినూనె చెమటకి కొట్టుకుపోతుంది, వాజిలిన్ నిలుస్తుంది.

మృగశిర చినుకులు పడ్డాక ఆదివారం దూరం పెంచుకోండి: 10, 11.5, 13, ఆ తర్వాత ఒక వారం 9కి దిగి, మళ్లీ 14.5, 16, 11, 18. చివరిగా 10, ఆపై పందెం. నాలుగో వారం తగ్గించింది పొరపాటు కాదు, ఎముకలు, వాటికి కండరాల్ని కలిపి ఉంచే స్నాయువులు ఊపిరితిత్తులంత త్వరగా గట్టిపడవు, వాటికి ఆ విరామం కావాలి. హైదరాబాద్ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి కాబట్టి జులైలో వారానికోసారి ఏదైనా ఎత్తు చూసుకోండి. సాలిహుండం కొండ దారి దానికి బాగుంటుంది. ఎక్కేటప్పుడు చిన్న అడుగులు, దిగేటప్పుడు ఇంకా చిన్నవి. తడిసిన బూట్లలోంచి అట్ట తీసేసి పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెట్టండి, రెండు గంటలకోసారి పేపరు మార్చండి. ఎండలో పెడితే జిగురు ఊడుతుంది.

వానాకాలం మొదట్లో పిడుగులు ఎక్కువ. పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ ఫోనులో పెట్టుకుని బయల్దేరే ముందు చూడండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై లెక్కపెట్టేలోపు శబ్దం వస్తే వెంటనే పక్కా ఇంట్లోకో తలుపులు మూసిన కారులోకో వెళ్లాలి. తాటిచెట్టు కింద, జీడితోటలో, చెరువుగట్టు మీద నిలబడొద్దు. చివరి ఉరుము వినబడ్డాక ముప్ఫై నిమిషాలు ఆగాలి. ఆలోగా ఒళ్లు చల్లబడి కాళ్లు బిగుసుకుంటే మిగతా కిలోమీటర్లు వదిలేసి ఇంటికి నడిచి వచ్చేయండి.